ఓడలో మా అమ్మ దుడ్డు

మన హోసూరు, డెంకణికోట తట్టులో డబ్బును దుడ్డు అంటాము. కన్నడం వారిదీ ఆ మాటే. అరవం వారు కొంచెం నొక్కి తుట్టు అంటారు. సంతలో ముగ్గురు మూడు భాషలలో బేరమాడుకున్నా, ఆ ఒక్క మాట దగ్గరకు వచ్చేసరికి ముగ్గురికీ అర్థం కుదురుతుంది. కుదరవలసినదీ అక్కడే గదా! అయితే దుడ్డు అనేది చేతికి తగిలే వస్తువు అన్న నమ్మకం మీద మన పెద్దవారి లోకమంతా నిలిచి ఉన్నది. ఇప్పుడు రోజులు మారినవి. టీ అంగడివాడు కూడా గోడకు ఒక చదరపు బొమ్మ అంటించి టెలిఫోను చూపించమంటున్నాడు. ఇదంతా మీకు తెలిసినదే. నేను వ్రాయబోయేది నేల మీది సంగతి కాదు, నీళ్ళ మీది సంగతి.

క్రిందటి నెల సంఘం సమావేశంలో ఇద్దరు మిత్రులు నన్ను ప్రక్కకు పిలిచి, "మీరు కుటుంబంతో ఓడ మీద విహారం పోయి వచ్చినారట గదా, అక్కడి ఖర్చుకు నోట్లు తీసుకొని పోవలెనా, కార్డు తీసుకొని పోవలెనా?" అని అడిగారు. ఒకరికి సింగపూరులో ఉన్న కుమార్తె టిక్కెట్లు పంపుతానన్నదట. ఇంకొకరికి విశాఖపట్నంలో ఎక్కి నాలుగు రోజులు తిరిగి రావలెనని కోరిక. నిలబడి చెప్పే జవాబు కాదు గనుక, వ్రాసి ఇస్తానన్నాను. అడిగిన ఇద్దరితో బాటు మిగిలినవారికీ పనికి వస్తుందని పత్రికకే ఇస్తున్నాను.

ఓడ అంటే మనవారికి కొత్త గాదు. తెలుగు జిల్లాల నుండి రంగూనుకూ మలయాకూ కూలికీ వ్యాపారానికీ వెళ్ళినవారు లక్షలలో ఉన్నారు. మదరాసు రేవు నుండి నాగపట్నం మీదుగా పినాంగుకూ సింగపూరుకూ "రాజులా" అనే ఓడ 1926 మొదలు 1970ల తొలి సంవత్సరాల దాకా తిరిగింది. తరువాత ఆ దారి పట్టిన "చిదంబరం" 1985 ఫిబ్రవరిలో నడి సముద్రంలో నిప్పంటుకొని, ఆ రాకపోకలు ఆగిపోయినవి. వాటిలో డెక్కు టిక్కెట్టు కొని పోయినవారు తమ మూటలు తామే కాచుకుంటూ, సంపాదన కొరకు పోయినవారు. ఈనాడు ఓడ సంపాదనకు గాదు, ఖర్చుకు. 2021 సెప్టెంబరులో ముంబయి నుండి కోర్డీలియా సంస్థవారి "ఎంప్రెస్" అనే విహారనౌక నడవడం మొదలైంది. 2022 జూనులో అది చెన్నై నుండి విశాఖపట్నానికి వచ్చింది. ఇటువంటి ఓడల కొరకే విశాఖలో కట్టిన టెర్మినలును 2023 సెప్టెంబరులో ప్రారంభించారు. మేము ఎక్కిన ఓడ ఏదో, ఎవరిదో ఇక్కడ అనవసరం. డబ్బు విషయంలో ఈ ఓడలన్నిటి పద్ధతీ దాదాపుగా ఒకటే.

నేను హోసూరులో ఒక ఆఫీసులో గుమాస్తాను. మెట్రిక్యులేషనుతో చదువు ఆగింది. పగలంతా ఇంగ్లీషులోనూ అరవంలోనూ కాగితాలు వ్రాసి, రసీదులు గుచ్చి, సాయంకాలం బస్సెక్కి డెంకణికోటకు వచ్చి తెలుగులో అన్నం తినేవాణ్ణి. మా తమ్ముడు బెంగుళూరులో కంప్యూటర్ల కంపెనీలో మంచి ఉద్యోగం చేస్తున్నాడు. మా అమ్మకు డెబ్బయ్యేళ్ళు నిండిన సందర్భంలో, "అమ్మకు సముద్రం చూపించాల అన్నా" అని అతనే పూనుకొని, చెన్నైలో ఎక్కి మూడు రాత్రులు సముద్రం మీద ఉండి తిరిగి చెన్నైలోనే దిగే ప్రయాణానికి అందరికీ టిక్కెట్లు కొన్నాడు. మా ఊరు సముద్రానికి మూడు వేల అడుగుల ఎత్తుకు దగ్గరగా ఉన్నది. మా అమ్మ చూసిన నీళ్ళలో పెద్దవి కృష్ణగిరి డ్యాము నీళ్ళే.

టిక్కెట్టులో గది, భోజనం, ఫలహారం, ఆటపాటలు చాలావరకు చేరి ఉంటవి. అయితే చేరనివి కూడా చాలా ఉంటవి. మామూలు కాఫీ ఉచితం, నురుగు కాఫీకి డబ్బు. నీళ్ళలో ఈదడం ఉచితం, ఒళ్ళు పట్టించుకుంటే డబ్బు. ఐస్ క్రీము, వాళ్ళు తీసిన ఫోటోలు, అంగళ్ళలోని సామాను, ఇంటర్నెట్టు, వైద్యుడి దగ్గరకు పోతే ఫీజు, చాలా ఓడలలో తలకు రోజుకు ఇంతని పనివారి నిమిత్తం వేసే రుసుము, ఇవన్నీ పైఖర్చులు. మద్యం సంగతి త్రాగేవారికే వదిలిపెడుతున్నాను.

ఈ పైఖర్చులకు ఓడలోని అంగళ్ళలో ఎవరూ నోటు అందుకోరు. రేవులో ఎక్కేటప్పుడే తలకొక అట్టముక్క ఇస్తారు. గది తాళం అదే, ఓడ దిగి ఎక్కేటప్పుడు మనిషి గుర్తు అదే, పద్దు పుస్తకమూ అదే. దానిని చూపించినప్పుడల్లా మన పేర ఒక పద్దు పడుతుంది. ఆఖరి రాత్రి మొత్తం లెక్క చేతికి వస్తుంది. ఇది ఈ కాలపు వింత అనుకోవద్దు. ఓడల మీద డబ్బు లెక్క చూచే అధికారికి పర్సరు అని పేరు, పర్సు పట్టుకొనేవాడన్నమాట. తెల్లదొరల కాలంలో ఓడలలోనూ క్లబ్బులలోనూ పానీయం తెప్పించుకున్న దొర డబ్బిచ్చేవాడు కాదు, ఒక చీటీ మీద సంతకం పెట్టేవాడు. ఇంగ్లీషులో దానిని చిట్ అంటారు. ఆ మాట మన చిట్ఠీ నుండే పోయింది. మన వీధి అంగడిలో నెలపద్దు పుస్తకం కూడా ఆ జాతిదే. తేడా ఏమిటంటే, పద్దు వ్రాసే శెట్టి మన ముఖం చూసి, "ఈ నెల కొంచెం ఎక్కువయిందే" అని హెచ్చరించేవాడు. అట్టముక్క హెచ్చరించదు.

ఈ పద్దు తీర్చడానికి రెండు దారులు. ఒకటి, ఎక్కేటప్పుడే మన క్రెడిట్ కార్డునో డెబిట్ కార్డునో ఆ పద్దుకు ముడిపెట్టడం. రెండు, ఓడ కచేరీ బల్ల దగ్గర కొంత నగదు కట్టి రసీదు తీసుకొని, అందులో నుండి ఖర్చు పెట్టుకొని, మిగిలినది ఆఖరున తిరిగి పుచ్చుకోవడం. మిత్రులు అడిగిన ప్రశ్న ఈ రెంటి మధ్యనే.

మా తమ్ముడు మొదటి దారి మనిషి. తన కుటుంబానికీ అమ్మకూ కలిపి తన క్రెడిట్ కార్డు ముడిపెట్టాడు. నాకు కూడా పెడతానన్నాడు గాని నేను ఒప్పుకోలేదు. నాది డెబిట్ కార్డు, జీతం పడే ఖాతాది. అటువంటి కార్డు ముడిపెడితే, ముందు జాగ్రత్తగా కొంత మొత్తాన్ని బ్యాంకులో పట్టి ఉంచే ఆచారం ఓడలలోనూ హోటళ్ళలోనూ ఉన్నది. క్రెడిట్ కార్డుకైతే బ్యాంకువారు ఇచ్చిన అప్పు హద్దు కొంత తగ్గుతుంది, అంతే. డెబిట్ కార్డుకైతే మన సొంత డబ్బే కదలకుండా నిలుస్తుంది. ఓడ దిగి బిల్లు తీర్చిన తరువాత కూడా అది విడుదల కావడానికి కొన్ని రోజులు పట్టవచ్చు. అయిదవ తేదీన చీటీపాట కంతు కట్టవలసిన గుమాస్తాకు ఆ కొన్ని రోజులు చాలా పెద్దవి. అందుచేత నేను నా కుటుంబం నిమిత్తం అయిదు వేల రూపాయలు నగదు కట్టి రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాను. మరదలు నవ్వింది. "బావా, ఓడలో గూడా రసీదేనా?" అన్నది. రసీదు లేనిది నాకు నిద్ర పట్టదు.

ఓడ సాయంకాలం కదిలింది. ప్రమాదం వస్తే ఎక్కడ నిలబడవలెనో అందరినీ పిలిచి చూపించారు. చెన్నై దీపాలు చిన్నవై పోయేదాకా అమ్మ కమ్మి పట్టుకొని నిలబడింది. ఆ దీపాలతో బాటే టెలిఫోన్లలో గీతలు కూడా ఒక్కొక్కటే తగ్గిపోయినవి. చూస్తూండగానే, కార్డూ లేక నోట్లూ లేక టెలిఫోను ఒక్కటే నమ్ముకొని వచ్చిన కుర్రవాళ్ళు కచేరీ బల్ల చుట్టూ మూగారు. నేల మీద ఏ కొబ్బరిబోండాల బండి దగ్గరైనా చెల్లే యు.పి.ఐ. నడి సముద్రంలో అందదు. టవరు లేనిచోట దానికి ప్రాణం లేదు. ఓడవారి ఇంటర్నెట్టు కొనుక్కుందామంటే, కొనడానికీ మొదట డబ్బు కట్టవలె. వారిలో ఒకడు నా దగ్గరకు వచ్చి, "సార్, మీ దగ్గర క్యాష్ ఉంటే ఇవ్వండి, దిగినాక పంపిస్తాను" అని అరవంలో బ్రతిమాలాడు. మూడు వందలు ఇచ్చాను. చెన్నై దగ్గర పడగానే పంపించాడు.

మరునాడు మధ్యాహ్నం జరిగినదే ఈ వ్యాసానికి అసలు కారణం.

ఎక్కేటప్పుడు ఓడ ఫోటోగ్రాఫరు మా తొమ్మిది మందినీ ఒక వరుసలో నిలబెట్టి ఫోటో తీశాడు. మరునాడు అటువంటి ఫోటోలన్నీ ఒక గోడకు పెట్టి ఉంచారు. నచ్చినవారు కొనుక్కోవచ్చు. మాది బాగా వచ్చింది. మా నాయన పోయిన తరువాత ఇద్దరు కొడుకులూ, ఇద్దరు కోడళ్ళూ, నలుగురు మనుమలూ మనుమరాళ్ళతో మా అమ్మ కూర్చున్న ఫోటో అదొక్కటే. వెల రూ. 750. అమ్మ మెల్లగా వక్కాకు తిత్తి విప్పి, మడతలు పెట్టిన నోట్లు తీసింది. గట్టు మీది రెండు చింతచెట్ల కాపు అమ్మగా వచ్చిన దుడ్డు అది. గింజ తీసి, ఈనెలు తీసి, పండు ముద్ద కట్టడంలో ఆమె వేళ్ళు నల్లబడిన దుడ్డు. నాలుగు వేలు తెచ్చుకున్నది. ఏమి కొనాలో ముందే అనుకొని తెచ్చుకున్నది కూడాను.

బల్ల వెనుక ఉన్న పిల్లవాడు మధుర తట్టువాడు, మర్యాదస్థుడు. "పాట్టీ, ఇక్కడ రొక్కం చెల్లదు. మీ మెడలోని కార్డు ఇవ్వండి చాలు" అన్నాడు అరవంలో.

చెల్లదు అన్న మాట వినగానే అమ్మ ముఖం మారిపోయింది. ఎందుకో నాకు తెలుసు. 2016 నవంబరు 8వ తేదీ రాత్రి అయిదు వందల నోట్లూ వెయ్యి నోట్లూ రద్దయినప్పుడు, ఆమె బియ్యపు డబ్బాలో పదునాలుగు అయిదు వందల నోట్లు ఉన్నవి. ఏడు వేల రూపాయలు. అవి ఉన్నట్టు మా నాయనకు గూడా తెలియదు. మరునాడు పొద్దున అంగడిలో ఒక నోటు చాచితే, ఇరవై ఏళ్ళుగా తెలిసిన మనిషి, "చెల్లదమ్మా" అన్నాడు. ఆ తరువాత నేను బ్యాంకు వరుసలో నిలబడి వాటిని మార్చి తెచ్చాను, ఒక్క రూపాయి పోలేదు. కాని దాచుకున్న దుడ్డు కొడుకుకు చూపించి, లెక్క చెప్పి, అతని చేతికిచ్చి పంపవలసి వచ్చిందే, అది ఆమె మరచిపోలేదు.

తమ్ముడు వచ్చాడు. "ఏమమ్మా, ఆ కార్డు ఈ, అయిపోయె" అన్నాడు.

"అది గీకితే ఎవురి దుడ్డు పోతుంది?"

"నాదే. ఎవరిదైతే ఏమి, అంతా ఒకటే కదా."

"ఒకటే అయితే నాది తీసుకోరా" అని నోట్లు అతని చేతిలో పెట్టబోయింది. అతడు చేయి వెనుకకు తీసుకున్నాడు. తల్లి దగ్గర ఏడు వందలు పుచ్చుకోవడం అతనికి అవమానం. కొడుకు చేత కొనిపించుకోవడం ఆ పూట ఆమెకు కష్టం. ఇద్దరి ప్రేమలోనూ లోటు లేదు. ఫోటో మాత్రం గోడ మీదనే ఉండిపోయింది. అమ్మ తిత్తి ముడి వేసుకొని గదికి వెళ్ళి పడుకున్నది. రాత్రి భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నది. సముద్రం చూపించడానికి తెచ్చిన మనిషి గోడవైపు తిరిగి పడుకుంటే మాకెవరికీ అన్నం దిగలేదు.

నా భార్య పోయి ప్రక్కన కూర్చున్నది. "అత్తా, ఆయన కొంటే ఏమి, ఈయన కొంటే ఏమి" అన్నది.

అమ్మ చెప్పిన మాట నా భార్య వచ్చి నాకు చెప్పింది. "బేటరాయస్వామి హుండీలో మీ మామ చేత వేయించినానా ఎప్పుడైనా? ఎవురి చేత్తో వేసింది వాళ్ళకే. పిల్లోళ్ళకు అవ్వ కొనిచ్చింది అనాల గానీ, చిన్నాయన కార్డు కొనిచ్చింది అంటారా? నా చేతిలో దుడ్డు పెట్టుకొనే నేను బిచ్చమెత్తినట్ల అయిపోయినానే!"

తమ్ముడు చాలాసేపు ఊరకే కూర్చున్నాడు. అతని వాదం తీసివేయతగినది కాదు. అతడన్నదేమంటే, "అన్నా, జీవితమంతా దుడ్డు లెక్కపెట్టుకుంటూ బ్రతికింది అమ్మ. ఒక్క రెండు రోజులు లెక్క లేకుండా ఉండనీ అనే కదా కార్డు పెట్టినాను." లెక్క లేకపోవడం అతనికి సుఖం. బెంగుళూరులో పగలంతా గడువులతో బ్రతికేవానికి అది సుఖమే. మా అమ్మకు మాత్రం లెక్క పెట్టుకోవడమే అధికారం. నాయన ఉన్న రోజులలో ఇంటి దుడ్డు ఆయనది, చింతచెట్ల దుడ్డు ఆమెది. ఆ రెండు చెట్ల మేరకు ఆమె ఎవరి మాటా వినవలసిన పని లేదు.

తెల్లవారి అమ్మను వెంటబెట్టుకొని ముగ్గురమూ ఓడ కచేరీ బల్ల దగ్గరకు వెళ్ళాము. ఆమె పద్దును తమ్ముడి కార్డు నుండి విడదీసి, ఆమె పేరనే వేరుగా పెట్టి, ఆమె దుడ్డే అందులో జమ కట్టవచ్చునా అని అడిగాను. బల్ల దగ్గరి అమ్మాయి, "దానికేమండీ!" అన్నది. రెండు నిమిషాల పని. అమ్మ నోట్లు తానే లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది. ఆ అమ్మాయి మళ్ళీ లెక్కపెట్టి నాలుగు వేలకు రసీదు ఇచ్చి, సంతకం పెట్టమన్నది. అమ్మ తెలుగులో సంతకం పెట్టింది. అక్షరాలు కూడబలుక్కుంటూ పెట్టడంతో వెనుక నిలబడినవారు కొంచెం ఆగవలసి వచ్చింది. ఆగారు. రసీదు నా జేబుకు రాలేదు. వక్కాకు తిత్తిలోకి పోయింది.

ఆ పూటంతా ఆమె వెనుక మేము తిరగడమే పని. మొదట ఫోటో కొన్నది. తరువాత పిల్లలు నలుగురికీ ఐస్ క్రీములు, రూ. 600. కోడళ్ళిద్దరినీ కూర్చోబెట్టి నురుగు కాఫీలు, రూ. 400. తాను ఒక గుక్క తాగి, "దీనికి ఇన్నూరా! మా కాఫీలో గూడా నురుగు వస్తుంది గదా" అన్నది. ఇంటి దగ్గర తన పూలకుండీలకు నీళ్ళు పోస్తున్న ప్రక్కింటి పిల్లవానికి ఒక బొమ్మ ఓడ, రూ. 400. ప్రతి చోటా మెడలోని కార్డు తానే తీసి ఇచ్చింది. ఇచ్చినప్పుడల్లా, "ఇంకెంత ఉండాది?" అని అడిగి, వాళ్ళు చెప్పిన అంకె గొణుక్కుంటూ గుర్తుపెట్టుకున్నది. మొత్తం రూ. 2,150. ఆఖరి రాత్రి మిగిలిన రూ. 1,850 నోట్లుగా తిరిగి తీసుకున్నది. ఆమె నోటి లెక్కకూ వారి యంత్రపు లెక్కకూ పైసా తేడా లేదు.

మా ముగ్గురి లెక్కలు ప్రక్కప్రక్కన పెట్టి చూచుకుంటే ఒక సంగతి కనబడింది. నా కుటుంబం నలుగురికి అయిన ఖర్చు రూ. 3,140. తమ్ముడి కుటుంబం నలుగురికి రూ. 14,600. అతని ఆదాయం వేరు, సరే. కాని ఆ కాగితంలోని పద్దులలో సగానికి సగం ఎప్పుడు పడినవో అతనికీ తెలియదు, మరదలికీ తెలియదు. అమెరికాలో ఎం.ఐ.టి. అనే విద్యాలయంలో ఇద్దరు ఆచార్యులు ఆటల టిక్కెట్లు వేలం వేసి, కొందరిని నగదుతోనూ కొందరిని క్రెడిట్ కార్డుతోనూ కట్టవలెనని చెప్పి పాట పాడించి, కార్డువారు ఇంచుమించు రెట్టింపు దాకా పాడినట్టు 2001లో ప్రకటించారు. చేతినుండి నోటు జారేటప్పుడు మనసుకు ఒక చిన్న నొప్పి కలుగుతుంది, కార్డు ఆ నొప్పి తెలియనివ్వదు అని వారి అభిప్రాయం. మన అవ్వలు ఈ సంగతి చెంబులో దుడ్డు దాచి మూతికి గుడ్డ కట్టిన నాడే కనిపెట్టారు.

అయినా ఓడవారి ప్రక్కన కూడా న్యాయం ఉన్నది, అది చెప్పకపోతే తప్పు. ఒక ఊరంత జనం, ఇరవై అంగళ్ళు, ఒక్కొక్క రేవులో ఒక్కొక్క దేశపు నాణెం. ప్రతి బల్ల దగ్గరా చిల్లర పెట్టె పెట్టి, రాత్రి లెక్కలు చూచి, దొంగతనాలు కాచుకోవడం ఎంత పని! నేను పద్దులు వ్రాసేవాణ్ణి గనుక ఆ కష్టం నాకు తెలుసు. నగదు ఒక్కచోటనే పుచ్చుకొని మిగిలినచోట్ల అట్టముక్కతో నడిపించడం తెలివైన ఏర్పాటే. నా మాట ఒక్కటే: ఆ ఒక్క చోటైనా ఉండవలె. నోటు పుచ్చుకొనే ఒక కిటికీ తెరచి ఉన్నంతవరకు మా అమ్మ వంటివారు ఎక్కడికైనా పోయి తమ అంతట తాము ఒక వస్తువు కొనుక్కోగలరు. ఆ కిటికీ మూసిననాడు వారి చేతిలో ఎంత ఉన్నా, కొడుకునో కూతురినో అడగవలసిందే. మన దేశపు నోటు దేశంలో ఎక్కడైనా చెల్లుతుందని 1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టంలోనే ఉన్నది. దాని వెనుక పదిహేను భాషలలో వెల వ్రాసి ఉంటుంది, మన తెలుగూ, ప్రక్కవారి అరవమూ కన్నడమూ కూడా అందులో ఉన్నవి. తెలుగు మాత్రమే చదవడం వచ్చినవారు కూడా చదువుకోగల కాగితం అది. ఓడ అట్టముక్క మీద ఇంగ్లీషు తప్ప ఏమీ లేదు.

ఇక మిత్రులు అడిగిన దానికి తిన్నగా జవాబు వ్రాస్తాను. మీకు క్రెడిట్ కార్డు ఉండి, ఖర్చు మీద అదుపు కూడా ఉంటే, కార్డు ముడిపెట్టడంలో చిక్కు తక్కువ. ఆఖరి రాత్రి వరుసలో నిలబడవలసిన పని లేదు. అయితే ప్రతి రాత్రీ కచేరీ బల్ల దగ్గరో గదిలోని టెలివిజనులోనో లెక్క ఒకసారి చూచుకోండి. పిల్లల అట్టముక్కల మీద ఖర్చు పడకుండా ఆపమని అడిగితే ఆపుతారు. జీతపు ఖాతా డెబిట్ కార్డు ముడిపెట్టేటప్పుడు మాత్రం, ఎంత పట్టి ఉంచుతారు, ఎన్నాళ్ళకు వదులుతారు అని అడిగి తెలుసుకొనే పెట్టండి. నగదు కట్టదలచినవారు ఎక్కిన రోజే కట్టండి. అయిపోతే మళ్ళీ కట్టవచ్చు, మిగిలితే తిరిగి ఇస్తారు. మిగిలిన నోట్లు గదిలోని ఇనుప పెట్టెలో ఉంచండి. టెలిఫోనును మాత్రం నమ్ముకోవద్దు.

సింగపూరు వంటి చోట్ల ఎక్కేవారు ఇంకొకటి గమనించవలె. ఆ ఓడల పద్దు రూపాయలలో ఉండదు, తరచు డాలర్లలో ఉంటుంది. మన కార్డుతో కడితే మారకపు రుసుము కొంత బ్యాంకువారు తీసుకుంటారు. రూపాయలలోనే కట్టండి, సౌకర్యంగా ఉంటుంది అని యంత్రం అడిగితే సంతోషపడవద్దు. ఆ సౌకర్యానికి విడిగా ధర ఉంటుంది. నగదు కట్టేట్టయితే వారి నాణెంలోనే కట్టవలసి ఉంటుంది గనుక, బయలుదేరకముందే మార్చుకొని పోవడం మంచిది.

ఇవన్నీ ఓడవారి కాగితాలలోనూ దొరుకుతవి. అందులో దొరకని మాట ఒకటి. వెంట పెద్దవారు ఉంటే వారి అట్టముక్కను మీ కార్డుకు ముడిపెట్టి, "నీకేమి కావాలన్నా తీసుకో అమ్మా" అనడంతో సరిపెట్టవద్దు. వారిని అడగండి. తెచ్చుకున్న దుడ్డు ఉంటే వారి పేరనే వేరే పద్దు పెట్టించి, వారి చేతనే లెక్కపెట్టించి కట్టించండి. లేకపోతే, ఊరిలో ఉండగానే వారి చేతికి కొంత ఇచ్చి, ఇది నీదే అని చెప్పి, ఆ తరువాత దాని లెక్క అడగకండి. రసీదు వారి తిత్తిలోనే ఉండనీయండి. పోతుందేమో అని భయపడవద్దు. మనకంటే వారే జాగ్రత్తగా ఉంచుతారు, ఆఖరి రోజు బల్ల దగ్గర అడిగినప్పుడు మొదట చూపించేదీ వారే.